కాఫీ మొక్కలకు వల: పక్షుల వాటా, గబ్బిలాల వాటా విడదీసేదెలా?
కోస్టారికా కాఫీ తోటల్లో బెర్రీ బోరర్ (కాఫీ కాయల్ని తొలిచే పురుగు) మీద పీజీ ప్రాజెక్టు చేస్తున్నాను. అక్కడి తోటల్లో పక్షుల వల్ల ఈ పురుగు ఉధృతి దాదాపు సగానికి తగ్గుతుందని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. నేనూ అలాగే పక్షులు రాకుండా కొన్ని మొక్కలకు వల కప్పి, పోల్చి చూడ్డానికి కొన్నిటిని వదిలేశాను. పురుగు నువ్వుగింజంత కూడా ఉండదు. కాయ కొసన సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం, అంతే. అవి లెక్కపెట్టేసరికి కళ్లు లాగేస్తున్నాయి.

అసలు టెన్షన్ వేరే. పగలూ రాత్రీ వల ఉంచితే గబ్బిలాలనూ ఆపినట్టే కదా! పక్షుల వాటా విడిగా తెలియాలంటే రోజూ చీకటి పడ్డాక వల తీసి, తెల్లారకముందే మళ్లీ కప్పాలా? ఉన్నది ఇద్దరం, మొక్కలేమో 40. వల నీడ వల్ల లెక్క తేడా వస్తుందా? ఇలాంటి పని చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి ప్లీజ్.