పేల్చిన తూటాల ఇత్తడి కేసులు: తుక్కుకు అమ్మడమా, మళ్ళీ నింపడమా?

కొత్తగురి:
అందరికీ నమస్కారం. నేను డల్లాస్ శివార్లలో ఉంటాను. టార్గెట్ షూటింగ్ మొదలుపెట్టి రెండేళ్లయింది. మన తెలుగువాళ్ల నెలవారీ కూడికలో పడినవి కాక, ఒంటరిగా రేంజ్‌కు వెళ్లినప్పుడు ఏరుకొచ్చిన ఖాళీ కేసులే గ్యారేజీలో రెండు బకెట్లు నిండాయి. ఎక్కువ భాగం 9 ఎంఎం పిస్తోలువి, కొన్ని .223 రైఫిలువి, అడుగున కాసిని చిన్న .22లు ఉన్నాయి. తూకం వేస్తే 34 పౌండ్లు తేలింది. దీపావళిలోగా అవి ఇంట్లోంచి కదలాలని మా ఆవిడ గడువు పెట్టింది. తుక్కు కొట్టుకు వేయమంటారా, మళ్ళీ నింపుకొనేవారికి ఇవ్వమంటారా? డిసెంబరులో విజయవాడ వెళ్తున్నాను కనుక మా మేనల్లుడికి జ్ఞాపికగా నాలుగు పట్టుకెళ్దామని కూడా ఉంది.

తిరగలి:
తుక్కుకు మాత్రం వేయకండి. మా వైపు తుక్కు కొట్టులో పౌండుకు రెండు డాలర్లు దాటి ఇవ్వరు. పౌండుకు 9 ఎంఎం కేసులు సుమారు 115 తూగుతాయి కాబట్టి, ఒక్కో కేసుకు రెండు సెంట్లయినా గిట్టదన్నమాట. ఒకసారి మాత్రమే పేల్చిన మంచి కేసుకు నింపుకొనేవారు అంతకు రెండింతలు సంతోషంగా ఇస్తారు. ఈ ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేలినప్పుడు కేసు ఉబ్బి ఛాంబరు గోడలకు అతుక్కుని వాయువును వెనక్కి రానివ్వదు, మరుక్షణమే కొద్దిగా ముడుచుకుని సులువుగా బయటికి వస్తుంది. ఆ గుణం ఉండగా దాన్ని కరిగించడం, పాలిచ్చే బర్రెను కోతకు అమ్మడం లాంటిది.

ముందుగా అయస్కాంతం పెట్టి ఉక్కు కేసులను ఏరేయండి. .22 కేసుల్లో నిప్పు రాజేసే మందు అంచులోనే ఉంటుంది, దాన్ని మళ్ళీ పెట్టలేం కనుక అవి తుక్కుకు తప్ప ఎందుకూ పనికిరావు. .223ల్లో సైన్యం సరుకు ఉంటే ప్రైమరు (కేసు అడుగున ఉండే, మందుకు నిప్పంటించే చిన్న టోపీ) చుట్టూ నొక్కు ఉంటుంది, దాన్ని తొలిచేయాలి. తర్వాత పొడవు కొలిచి, 1.760 అంగుళాలు దాటినవాటిని కత్తిరించాలి. అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనిపిస్తే ఆ కేసును మొహమాటం లేకుండా పారేయండి, ఈసారి అది అక్కడే తెగుతుంది. ఇంత పని మీకెందుకు అనుకుంటే నాకు కబురు చేయండి, వచ్చి తీసుకెళ్తాను.

వేపచెట్టు:
"వచ్చి తీసుకెళ్తాను" అన్నచోటికే వస్తారని నాకు ముందే తెలుసు. అది అలా ఉంచి, కొత్తగురి గారు ఇంట్లో పిల్లలున్నారో లేదో చెప్పలేదు. మామూలు ప్రైమర్లలో లెడ్ స్టిఫ్‌నేట్ అనే సీసపు సమ్మేళనం ఉంటుంది. పేలాక ఆ సీసం మసిగా కేసు లోపలా బయటా అంటుకుంటుంది. బకెట్లో చేయి పెట్టి కలిపినా, మొక్కజొన్న బెండు పొట్టులో వేసి దొర్లించి శుభ్రం చేసినా లేచే దుమ్ములో ఉండేది అదే. పిల్లల రక్తంలో సీసానికి హద్దుగా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో పెట్టిన అంకె డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. అది కూడా సురక్షితమైన మోతాదు కాదు, ఎవరి మీద ముందుగా కన్నేయాలో చెప్పే గుర్తు మాత్రమే. అరవై డెబ్బై డాలర్ల సరుకు కోసం గ్యారేజీని కార్ఖానా చేసుకోవడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాదు.

పాతసిపాయి:
విజయనగరం నుంచి మా అబ్బాయి దగ్గరకు వచ్చి రెండు నెలలయింది. సైన్యంలో 22 ఏళ్లు చేశాను. మేము దీన్ని ఖోఖా అంటాం. ఇచ్చిన తూటాలెన్నో, మిగిలిన తూటాలూ ఖోఖాలూ కలిపి అన్నీ లెక్కకు రావలసిందే. ఒక్కటి తగ్గితే సాయంత్రమైనా సరే అందరం గడ్డిలో మోకాళ్ల మీద వెతికేవాళ్లం. జేబుల్లో ఏమీ లేవని ప్రమాణం చేశాకే రేంజ్ దాటనిచ్చేవారు. ఇక్కడ బకెట్లకొద్దీ ఇళ్లల్లో పెట్టుకుంటున్నారంటే వింతగా ఉంది.

కొత్తగురి బాబూ, మేనల్లుడి కోసం మాత్రం ఒక్కటి కూడా పట్టుకెళ్లకు. మన విమానాశ్రయాల్లో సంచిలో ఖాళీ ఖోఖా కనబడినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెట్టిన సందర్భాలున్నాయి. మా బంధువుల కుర్రవాడు జాకెట్ జేబులో మరిచిపోయిన ఒక్క ఖోఖా కోసం ఏడాది పాటు వాయిదాలకు తిరిగాడు.

నాగావళి:
మా శ్రీకాకుళం జిల్లా బుడితి కంచర్లకు ఇలాంటి ఇత్తడి అందిస్తే దీపపు కుందులు పోసి పెట్టేవారు. గ్యారేజీలో చిన్న కొలిమి పెట్టి మనమే ఎందుకు పోసుకోకూడదు?

తిరగలి:
దయచేసి ఆ పని చేయకండి. కేసుల్లో పేలని ప్రైమరు ఒక్కటి మిగిలినా కొలిమిలో పేలుతుంది. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి జింకు పొగై లేస్తుంది. అది పీల్చినవారికి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది.

వేపచెట్టు:
ఈ ఒక్క విషయంలో తిరగలి గారితో ఏకీభవిస్తున్నాను.

తిరగలి:
సంతోషం. ఇక సీసం సంగతి. పొడిగా దొర్లిస్తే దుమ్ము లేస్తుందన్నది నిజమే. అందుకే నేను నీళ్లలో, సన్నని స్టీలు సూదులు, గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి దొర్లిస్తాను, పెరట్లోనే చేస్తాను, చేతి తొడుగులు లేకుండా ముట్టను. నాలుగు గోడల మధ్య ఉండే రేంజ్‌లో గంటసేపు నిలబడి పీల్చే సీసం మాటేమిటి? అక్కడికి ప్రతి నెలా వెళ్లే మీకు గ్యారేజీ మీదనే ఎందుకింత పట్టింపు? ఇంకో సంగతి కూడా గుర్తు చేస్తాను. 2009 మార్చిలో ఈ దేశపు రక్షణ శాఖ తన వాడిన కేసులను చితగ్గొట్టి తుక్కుగానే అమ్మాలని నిర్ణయించింది, మాంటానా సెనేటర్లిద్దరూ అడ్డుపడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. పనికొచ్చే ఇత్తడిని పాడుచేయడం ప్రభుత్వానికే చెల్లలేదు.

వేపచెట్టు:
సూదులూ నిమ్మ ఉప్పూ వాడిన ఆ నల్లని నీళ్లను ఎక్కడ పోస్తున్నారో రాయలేదు.

తిరగలి:
మీరు అడగలేదు.

వేపచెట్టు:
ఇప్పుడు అడుగుతున్నాను. దానితో పాటు ఇంకొకటి కూడా అడుగుతాను. ఆరు నెలల క్రితం ఒక రేంజ్‌లో నా కేసులు నేను వంగి ఏరుకుంటుంటే, ఫైరింగ్ లైన్‌కు అవతల పడినవి రేంజ్‌కే చెందుతాయని అక్కడి కుర్రవాడు పదిమందిలో నన్ను దొంగను చేసి మాట్లాడాడు. తూటాలకు డబ్బు కట్టింది నేను. నా పిస్తోలు విసిరిన కేసు రెండడుగులు దొర్లితే నాది కాకుండా ఎలా పోతుంది?

తిరగలి:
ఆ నియమం చాలాచోట్ల గోడ మీద రాసే ఉంటుంది. మిగతావారు కాలుస్తుండగా గీత దాటి చేయి చాపకూడదన్నది అందులోని అసలు ఉద్దేశం. చదవకుండా వెళ్లి తర్వాత బాధపడితే ఎవరేం చేస్తారు?

వేపచెట్టు:
మరి మన నెలవారీ కూడికకు ఏ గోడ మీద రాశారు? రెండేళ్లుగా ప్రతిసారీ చీపురు తెచ్చి అందరి కేసులూ ఊడ్చుకుపోతున్నది మీరు. మాలో ఎవరినైనా అడిగారా?

తిరగలి:
ఊడ్చేవారు ఇంకెవరూ లేరు కనుక ఊడ్చాను. ఎండలో 14 మంది కాల్చి, టీ తాగి, కార్లెక్కి వెళ్లిపోతే ఆ నేలను శుభ్రం చేసింది నేను. ఆ ఇత్తడిని నింపి, కొత్తగా వచ్చిన వాళ్లకు పెట్టెలకు పెట్టెలు ఊరికే ఇచ్చాను. అమ్మి ఉంటే ఫెడరల్ లైసెన్సు కావాలని నాకు తెలుసు, అందుకే ఒక్క డాలరు ముట్టలేదు. మీరు కూడా ఒక పెట్టె తీసుకున్నారు. ఇంతా చేస్తే దొంగతనం అంటగడుతున్నారా?

వేపచెట్టు:
అవును, తీసుకున్నాను. దాని సంగతే రాయకూడదనుకుని ఇంతదూరం వచ్చాను. మార్చిలో ఆ పెట్టెలోని ఒక తూటా టప్‌మని సన్నగా మోగింది. తుపాకి సరిగా వెనక్కి తన్నలేదు. చేత్తో స్లైడు లాగి మళ్ళీ నొక్కబోతుంటే పక్క వరుసలోని పెద్దాయన గట్టిగా అరిచి నా చేయి పట్టుకున్నారు. మందు పడని తూటా అది. ప్రైమరు తోపుకే బుల్లెట్ కదిలి గొట్టంలో ఇరుక్కుంది. రెండోది పేల్చి ఉంటే గొట్టం చీలి నా వేళ్లు పోయేవి. నేను మీ దగ్గరికి వచ్చి చెబితే "నింపినవాటిలో అప్పుడప్పుడు అలా జరుగుతుంది" అని నవ్వి, ఆ ఖాళీ కేసును కూడా మీ బకెట్లో వేసుకున్నారు. ఇత్తడి మీరే ఉంచుకోండి. ఆ నవ్వు మాత్రం నాకు మరుపు రావడం లేదు.

పాతసిపాయి:
అమ్మా, ఇది మొదటే చెప్పవలసిన మాట.

నాగావళి:
నా దగ్గర కూడా ఆ పెట్టె ఒకటుంది. ఇప్పుడు దాన్ని ఏం చేయాలి?

కొత్తగురి:
నేను బకెట్ల గురించి అడిగాను. .22లూ ఉక్కువీ తుక్కుకు వేస్తాను. .223లకు అయస్కాంతంతో పాటు కొలత పనిముట్టు కూడా కొంటాను. మేనల్లుడికి టీషర్టు తీసుకెళ్తాను. 9 ఎంఎం బకెట్ మాత్రం ప్రస్తుతానికి ఎవరికీ ఇవ్వడం లేదు, తిరగలి గారు ఏమీ అనుకోవద్దు.

తిరగలి:
నిన్న రాత్రి నుంచి దీనికి జవాబు రాస్తూ చెరిపేస్తూ ఉన్నాను. మార్చి పెట్టెలు నింపిన వారం, మధ్యలో ఫోను వస్తే లేచి వెళ్లినట్టు గుర్తుంది. తిరిగి వచ్చి ఎక్కడ ఆపానో చూడకుండానే నింపే యంత్రం మీట లాగి ఉంటాను. మందు నాలుగైదు గ్రెయిన్లే (గ్రాములో మూడో వంతు లోపే) కనుక, కేసుల బరువుల్లోని తేడాలో అది కలిసిపోతుంది. పైనుంచి తూచితే తెలియదు. నాగావళి గారూ, ఆ పెట్టె పేల్చకండి. వేపచెట్టు గారూ, మీ దగ్గర మిగిలినవి కూడా తీసుకురండి. ఒక్కొక్కటీ బుల్లెట్ ఊడదీయడానికి ఉండే ప్రత్యేకమైన సుత్తితో విప్పి, మందు విడిగా తూస్తాను.

వేపచెట్టు:
నా దగ్గర 29 ఉన్నాయి. ఆదివారం తెస్తాను. తూచేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను.