అప్‌డేట్: మా చేలో దొరికిన వెండి రంగు రాయి మాలిబ్డినైట్ కాదు

అనంతపురం దగ్గర మా చేలో బావి లోతు చేస్తుంటే తెల్లటి పలుగురాయిలో వెండిలా మెరిసే రేకులు బయటపడ్డాయని, అది మాలిబ్డినైటా (మాలిబ్డినం అనే లోహం ఉండే ఖనిజం) అని పోయిన నెల అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తేల్చింది ఒక్క సలహానే: మెరుపు లేని టైల్ వెనకవైపు గీసి చూడమన్నది. గీత ఎర్ర ఇటుకపొడి రంగులో పడింది. మాలిబ్డినైట్ అయితే బూడిద రంగులో పడాలి. అదీగాక ఆ ఖనిజం గోటితో గీకితే గీత పడేంత మెత్తన, దాని రేకులు వంగుతాయి. మావి పెళుసుగా విరిగాయి.

రాయిని జియాలజీ లెక్చరర్ గారికి చూపిస్తే ఇది రేకుల హెమటైట్, అంటే ఇనుప ఖనిజం అన్నారు. గ్రానైట్ శిలాద్రవం చల్లారేటప్పుడు చివర్లో మిగిలే వేడి ద్రవాలు పగుళ్లలోకి చేరి, గంధకంతో కలిసిన మాలిబ్డినంను, అంటే మాలిబ్డినైట్‌ను, పలుగురాయితో పాటే వదులుతాయట. అమెరికాలో కొలరాడోలోని క్లైమాక్స్ గని అలాంటిదే. మన దక్షిణాదిలో తమిళనాడులోని హరూర్ వైపు ఆ ఖనిజం ఉందట. పలుగురాయి, మెరుపు రెండూ ఉన్నంత మాత్రాన మాలిబ్డినం అనుకోకూడదని ఆయన గట్టిగా చెప్పారు.

ఫోటోలు, బరువు చూడటం మాకు పనికిరాలేదు, హెమటైట్ కూడా బరువే. అదేం రాయో తేలక వారం రోజులు మా మామకు నిద్ర లేదు, ఇప్పుడు టెన్షన్ పోయింది. బావి పని మళ్లీ మొదలుపెట్టాం.