చనిపోయిన శాస్త్రవేత్తకు ఆటిజం ఉందని జీవితచరిత్ర రాసినాయన చెప్పొచ్చా?

తార్నాక పాఠకురాలు:
ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద గ్రాహం ఫార్మెలో రాసిన, బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ జీవితచరిత్ర దొరికితే తెచ్చుకుని చదివాను. 2009లో బ్రిటన్ వాళ్ల కోస్టా సాహిత్య బహుమతి వచ్చిన పుస్తకం, అందుకు తగినదే. ఎవరూ చూడని పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ ధనావేశం ఉన్న కణం) ఉండి తీరాలని 1931లో కాగితం మీద లెక్కలతోనే చెప్పిన మనిషి బుర్ర ఎలా పనిచేసేదో, కామర్స్ చదివిన నాకు కూడా అర్థమయ్యేలా రాశాడు. కానీ చివర్లో డిరాక్‌కు ఆటిజం ఉండేదని వాదించడం మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆయన 1984లోనే పోయాడు, ఇప్పుడు పరీక్షించేదెవరు? రచయితకు ఆ హక్కు ఎక్కడిది?

దిల్‌సుఖ్‌నగర్ ఫిజిక్స్ మాస్టారు:
హక్కు సంగతి పక్కన పెట్టి ఆధారాలు చూద్దామమ్మా. తర్వాత డిరాక్ భార్య అయిన మార్గిట్, పెళ్లికి ముందు తన ప్రశ్నలకు జవాబులు రావట్లేదని ఉత్తరంలో వాపోతే ఈయన ఏం చేశాడు? పాత ఉత్తరాలు తీసి, ఆవిడ ప్రశ్నలు ఒక పక్క, తన జవాబులు ఇంకో పక్క టేబుల్ గీసి పంపాడు. నా మీద ఏమైనా ఇష్టం ఉండేదా అన్నదానికి 'ఉండేది, కొంత' అని జవాబు. వెటకారం కాదు, నిజాయితీగానే రాశాడు. ఫార్మెలో ఇలాంటివన్నీ ఏరి, తన అంచనాను కథలో కలపకుండా చివర విడిగా ఒక అధ్యాయంలో పెట్టాడు. నచ్చకపోతే అది వదిలేసి మిగతాది చదువుకోవచ్చు.

తార్నాక పాఠకురాలు:
సార్, ఆ టేబుల్ దగ్గర నేనూ ఆగిపోయాను. కానీ ఆ ఇల్లు ఎలాంటిదో చూడండి. తండ్రి ఫ్రెంచి టీచరు, భోజనాల దగ్గర తనతో ఫ్రెంచిలోనే మాట్లాడాలని పట్టు, అది సరిగ్గా రాక నోరు మెదపడం మానేశానని డిరాకే చెప్పుకున్నాడు. అన్న ఫెలిక్స్ 1925లో ఆత్మహత్య చేసుకున్నాడు. పెదవి విప్పని ఆ మనిషి ముసలితనంలో ఫ్లోరిడాలో ఒక సహోద్యోగి ముందు తండ్రి గురించి ఆపకుండా చెప్పుకుపోయాడని ఈ పుస్తకం మొదట్లోనే ఉంది. అంత బాధ దిగమింగినవాడి మౌనానికి పుట్టుకలో కారణం వెతకడమెందుకు?

కూకట్‌పల్లి అమ్మ:
రెండూ ఎందుకు ఉండకూడదండీ? మా బాబుకు ఆటిజం. కంచంలో పప్పు వచ్చి కూరకు తగిలితే ఇక ముద్ద ముట్టడు, దానికే చుట్టాలిళ్లలో ఎన్ని మాటలు పడ్డామో. అలాంటి పిల్లాడికి ఆ తండ్రి పక్కన భోజనమంటే నరకమే కదా. కాబట్టి రాయొద్దని నేననను. నాకు బాధ కలిగించేది, ఆ లక్షణాల వల్లే ఆయన అంత గొప్ప ఫిజిసిస్టు అయ్యాడని ఫార్మెలో అనడం. అది పట్టుకుని 'మీవాడిలో ఏ టాలెంట్ ఉందో కనిపెట్టండి' అని అందరూ మొదలుపెడతారు. ఏ టాలెంటూ లేకపోయినా మావాడు మావాడే.

తార్నాక పాఠకురాలు:
ఆ విషయంలో పూర్తిగా మీతోనే ఉన్నానండీ. పోయినవాళ్లకు డయాగ్నసిస్ ఇవ్వడం గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.