సిటీ ట్రాఫిక్‌లో క్లీట్స్ వేసుకుని తొక్కడం అవసరమా?

మియాపూర్ పెడల్:
అందరికీ నమస్తే. మియాపూర్ నుంచి మాదాపూర్ ఆఫీసుకి హైబ్రిడ్ సైకిల్ మీద వెళ్తుంటాను, ఆదివారాలు ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పున్న ట్రాక్ మీద తొక్కుతాను. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బీఆర్ఎం (టైమ్ లిమిట్ లోపల పూర్తిచేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) చేద్దామనుకుంటున్నా, లిమిట్ 13 గంటల 30 నిమిషాలు. క్లిప్‌లెస్ పెడల్స్, అంటే షూ అడుగున బిగించిన క్లీట్ అనే ముక్కని పట్టుకుని లాక్ చేసే పెడల్స్, లేకుండా అంత దూరం కష్టమని గ్రూపులో అందరూ అంటున్నారు. పాదం పెడల్‌కి లాక్ అయిపోతే సిగ్నల్ దగ్గర ఎలా దిగుతావని ఇంట్లో అడుగుతున్నారు. కొనాలా వద్దా?

గేర్ 46:
వద్దు బ్రదర్. కాలితో పైకి లాగొచ్చు, పవర్ పెరిగిపోతుంది అని షాపుల్లో చెప్తారు, నమ్మకండి. ఒకే ఊపులో తొక్కుకుంటూ పోతే ఫ్లాట్ పెడల్స్‌కీ వీటికీ శరీరం ఖర్చు చేసే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2016లోనే చూపించారు. ఫుల్ స్ప్రింట్‌లో తేడా ఉంది, కాదనను. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి, బీఆర్ఎం చేసేవాళ్లకి స్ప్రింట్‌తో పనేముంది? పిన్నులున్న మంచి ఫ్లాట్ పెడల్స్ తీసుకోండి, మిగిలిన డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

కోకాపేట క్లైంబర్:
అన్నా, పవర్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటా, కానీ అసలు లాభం అది కాదు. పాదం ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుంది. అనంతగిరి దిగేటప్పుడు, స్పీడ్ బ్రేకర్లూ రంబుల్ స్ట్రిప్పులూ వరసగా వచ్చినప్పుడు, వానలో తడిసిన షూతో ఫ్లాట్ పెడల్ మీద కాలు జారితే పిన్నులు పిక్క ఎముక మీద గీరుకుపోతాయి. ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కూడా కాదు. స్కీయింగ్ బైండింగులు చేసే ఫ్రాన్స్ కంపెనీ లుక్ 1984లో ఈ పెడల్స్ తెచ్చింది, మరుసటి ఏడాదే ఫ్రెంచ్ సైకిల్ రేసర్ బెర్నార్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు.

గేర్ 46:
ఇనో తొక్కింది ట్రాఫిక్ ఆపేసిన రోడ్ల మీద. ఇక్కడ ఆటో ఎడమ పక్క నుంచి దూరి మన ముందే ఆగుతుంది. ఆ క్షణంలో కాలు కింద పెట్టాలంటే ముందు మడమ తిప్పాలి అని గుర్తుకు రావాలి, కొత్తవాళ్లకి అది రాదు.

న్యూజెర్సీ నుంచి:
ఇక్కడ మేమందరం వాడతాం, పెద్ద కష్టమేం కాదు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక పూట ప్రాక్టీస్ చేయండి. ఆగేటప్పుడు కుడి కాలు ముందు తియ్యండి, అది అలవాటైతే చాలు.

బీచ్ రోడ్ రైడర్, విశాఖ:
కుడి కాలు అన్నది అమెరికాకి సరిపోతుందండి, అక్కడ రోడ్డుకి కుడి పక్కన వెళ్తారు కాబట్టి ఫుట్‌పాత్ కుడివైపే ఉంటుంది. మనం ఎడమ పక్కన వెళ్తాం. కుడి కాలు తీసి కుడికి ఒరిగితే బ్యాలెన్స్ తప్పినప్పుడు పడేది వెనకొచ్చే బస్సు వైపు. చైన్ రింగ్ పళ్లు కూడా ఆ పక్కే ఉంటాయి, పిక్కకి తగులుతాయి. యూట్యూబ్‌లో చాలా వీడియోలు అక్కడివే, వాటిని చూసి నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క విషయం మార్చుకోవాలి. ఎడమ కాలు తియ్యాలి, ఒరిగితే ఎడమకే ఒరగాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా పడేది స్పీడ్‌లో కాదు, సైకిల్ ఆగిపోయాక. భయంలో కాలిని పైకి లాగుతారు. మామూలు క్లీట్ పైకి లాగితే రాదు, మడమ బయటికి తిప్పితేనే వస్తుంది. అందుకే ఆగడానికి చాలా ముందే, ఇంకా చక్రం తిరుగుతుండగానే, ఎడమ పెడల్ కింద ఉన్నప్పుడు మడమ తిప్పి పాదం పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచాలి. తర్వాత బ్రేక్, సీటు మీంచి ముందుకి దిగి ఎడమ కాలు కింద. కుడి కాలు లాక్‌లోనే ఉండొచ్చు. బయల్దేరేటప్పుడు ఎడమ పాదం వెంటనే పట్టుకోకపోతే కిందికి చూడకండి, క్లీట్‌ని పెడల్ మధ్యలో ఆనించి ముందు సైకిల్‌ని కదలనివ్వండి.

నా మాట: కొనండి, కానీ ఎస్‌పీడీ, అంటే షిమానో కంపెనీ తెచ్చిన, చిన్న క్లీట్‌ని రెండు బోల్టులతో షూకి బిగించే రకం. మూడు బోల్టుల రోడ్ క్లీట్ వద్దు, దాంతో టిఫిన్ సెంటర్ టైల్స్ మీద నాలుగడుగులు వేయడమే కష్టం. పెడల్ వెనక లాక్ పట్టుని మార్చే చిన్న స్క్రూ ఉంటుంది, అలెన్ కీతో రెండు పక్కలా, ఊడిపోకుండా వీలైనంత లూజ్ చేయండి. షిమానోలో ఎస్‌హెచ్ 56 అనే క్లీట్ విడిగా దొరుకుతుంది, అది ఒకటి కంటే ఎక్కువ దిక్కుల్లో విడిపోతుంది, గట్టిగా పైకి గుంజినా వస్తుంది. పెడల్ బాక్సులో సాధారణంగా వచ్చే ఎస్‌హెచ్ 51 అలా రాదు. నేర్చుకునేవాళ్లకి 56 చెప్పకుండా 51తోనే పంపేయడం నాకు అస్సలు నచ్చని విషయం. ఆ షాపుల్లో ఈ ఒక్క ముక్క చెప్తే ఎంతమంది మణికట్లు బాగుంటాయో.

కోకాపేట క్లైంబర్:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. క్లీట్ బోల్టులు అప్పుడప్పుడు బిగించండి. ఒక బోల్టు ఊడిపోతే మీరు మడమ తిప్పినా షూ మాత్రమే తిరుగుతుంది, క్లీట్ పెడల్లోనే కూర్చుంటుంది, ఎంత అనుభవం ఉన్నా కాలు రాదు. అలాంటప్పుడు షూ పట్టీ విప్పి కాలు బయటికి తీసుకోవాలి. ఎర్రమట్టి బురదలో నడిచాక కూడా క్లీట్ గాడిలో మట్టి గీకేయండి. మోకాలు నొప్పి మొదలైతే ఓర్చుకోకండి, క్లీట్ కోణం తేడాగా ఉన్నట్టే చూసుకోండి.

మియాపూర్ పెడల్:
ఒక పక్క ఫ్లాట్, ఇంకో పక్క ఎస్‌పీడీ ఉన్న పెడల్స్ చూశాను. ఆఫీసుకి మామూలు షూతో ఫ్లాట్ పక్క, ఆదివారం ట్రాక్ మీద క్లీట్స్. ఇది నడుస్తుందా?

గేర్ 46:
నడుస్తుంది, నాకు దీనికి అభ్యంతరం లేదు. ట్రాక్ మీద ఆటోలు రావు, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ సిటీలో క్లీట్స్ వద్దన్న మాట మీదే ఉంటా.

బీచ్ రోడ్ రైడర్, విశాఖ:
నేను ఒప్పుకోను. బీఆర్ఎంలో కూడా ఊళ్ల మధ్యలోంచి వెళ్లాలి, సంత జరిగే రోడ్డులో ఒక్కసారిగా ఆగాల్సి వస్తుంది. ఖాళీ ట్రాక్ మీద మాత్రమే అలవాటైన కాలు అక్కడ పనికిరాదు. ట్రాక్ మీద ఎడమ కాలు ఆలోచించకుండా వచ్చే దాకా ఉండండి, తర్వాత పొద్దున్నే, ట్రాఫిక్ మొదలవకముందు, మీ ఆఫీసు దారిలోనే ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ తొక్కండి. గ్రీన్ ఉన్నా సరే, పక్కకి తీసి ఆగండి.

మియాపూర్ పెడల్:
సరే అక్కా. ఆ రెండు రకాల పెడల్సే తీసుకుంటున్నా, క్లీట్ 56. షాపులో లేకపోతే తెప్పించమంటాను, 51తో మొదలుపెట్టను.