మూడ్ స్వింగ్స్‌కి పూల చుక్కలు వాడినవాళ్లున్నారా? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

గంటస్తంభం_గృహిణి:
నమస్తే అందరికీ. మాది విజయనగరం టౌనే. నాకు 44 ఏళ్లు. ఏడాదిగా నా మనసు నా చేతుల్లో ఉండట్లేదు. పొద్దున్న పిల్లాడికి బాక్సు కడుతూ పాట పాడుకుంటాను, పది గంటలకి కుక్కర్ గాస్కెట్ సరిగా పట్టలేదని కూర్చుని ఏడుస్తాను. మధ్యాహ్నం ఆ ఏడుపు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మా ఆయన "ఏటయిందే నీకు" అని మెల్లగా అడిగినా సర్రున లేస్తున్నాను.
మా ఆడపడుచు హోమియో షాపులో రెండు చిన్న సీసాలు కొని తెచ్చింది. ఒకటి స్క్లెరాంథస్, ఒకటి మస్టర్డ్. బాచ్ ఫ్లవర్ మందులట. నీళ్లలో కలిపి నాలుగేసి చుక్కలు, రోజుకి నాలుగు పూటలు వేసుకోమంది. థైరాయిడ్ మాత్ర ఎప్పట్నించో వాడుతున్నాను. దాంతో పాటు వేసుకోవచ్చా? అసలివి పనిచేస్తాయా? వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మేవాళ్లు దయచేసి రావద్దు.

సాలూరు_లారీ:
అక్కా, ఒకసారి మూత తీసి వాసన చూడు. నాకైతే తెలిసిన వాసనే వచ్చింది. మా ఇంట్లోది దాన్నే భక్తిగా మూడు పూటలా వేసుకుంటోంది, నన్ను మాత్రం శనివారం కూడా ముట్టనివ్వదు.

నాగావళి_గట్టు:
వెటకారం ఆపు తమ్ముడూ, ఆవిడ కష్టంలో ఉండి అడుగుతున్నారు.
నేను వాడాను. మా అమ్మాయికి పెళ్లి చేసి పంపాక ఇల్లు బోసిపోయింది, ఆర్నెల్లు మనిషిని మనిషిలా లేను. విశాఖలో ఒకావిడ ఇస్తారని తెలిసి వెళ్లాను. ఈ పద్ధతిలో రోగాన్ని బట్టి కాదు, మనిషి స్వభావాన్ని బట్టి మందు. మొత్తం 38 రకాలు. ఎటూ తేల్చుకోలేక అటూ ఇటూ ఊగేవాళ్లకి స్క్లెరాంథస్, మూడ్ స్వింగ్స్ అనగానే ముందు అదే చెప్తారు. కారణం లేకుండా ఉన్నట్టుండి దిగులు కమ్మేస్తే మస్టర్డ్. చెయ్యి దాటిపోతానేమో, పిల్లల్ని కొట్టేస్తానేమో అని భయమేస్తే చెర్రీ ప్లమ్. జీవితంలో మార్పు వచ్చినప్పుడు వాల్‌నట్, నాకిచ్చింది అదే. మీ ఆడపడుచు గుడ్డిగా ఏమీ తేలేదు, ఆ పుస్తకాల ప్రకారం సరైనవే తెచ్చింది.
నాకు తగ్గింది. చుక్కల వల్లే తగ్గిందా అంటే వాదించను. ఆవిడ గంటసేపు కూర్చోబెట్టి అడిగింది. నిద్ర ఎలా ఉంది, ఎవరి మీద కోపం, ఏ వేళకి ఏడుపొస్తుంది, అన్నీ. ఇంట్లో నన్ను అవన్నీ ఎవరూ అడగలేదు.

నెల్లిమర్ల_మందులషాపు:
షాపు నడిపేవాణ్ని. ఇవి నా దగ్గర ఉండవు కాబట్టి అమ్ముకోడానికి చెప్పట్లేదు.
వీటిని తయారుచేసింది ఎడ్వర్డ్ బాచ్ అనే ఇంగ్లండు డాక్టరు. 1886లో పుట్టి 1936లో పోయాడు. లండన్‌లో బాగా నడుస్తున్న ప్రాక్టీసు 1930లో వదిలేసి పల్లెలు పట్టి తిరుగుతూ వీటిని తేల్చాడు. పద్ధతులు రెండు. సున్నితమైన పూలయితే గాజు గిన్నెలో ఊటనీటి మీద పరిచి మూడు గంటలు ఎండలో పెడతారు. మిగతావాటిని అరగంట ఉడకబెడతారు. మీ రెండిట్లో స్క్లెరాంథస్ ఎండలో పెట్టే రకం, మస్టర్డ్ ఉడకబెట్టే రకం. ఆ నీటిని వడగట్టి అంతే బ్రాందీ కలుపుతారు, పాడవకుండా ఉండటానికి. దాంట్లోంచి రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల బ్రాందీలో వేస్తే షాపులో దొరికే సీసా. అందులోంచి మళ్లీ రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల నీళ్లలో కలుపుకుంటే మనం వాడేది.
ఇప్పుడు లెక్క వేసుకోండి. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలనుకుంటే 30 మిల్లీలీటర్లంటే 600 చుక్కలు. రెండు చుక్కలంటే మూడు వందలో వంతు. అలా రెండుసార్లు, మొదట బ్రాందీతో సగం. అంటే మీ నోట్లో పడేదాంట్లో ఆ పూల నీరు లక్షా ఎనభై వేలలో ఒక వంతు. అందుకే థైరాయిడ్ మాత్రతో గొడవ పడేంత సరుకు దాంట్లో లేదు. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, చుక్కలు టిఫిన్ అయ్యాక వేసుకోండి, చాలు.
పనిచేస్తాయా అన్నారు. ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే ప్రొఫెసరు 2010లో అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూశాడు. ఉత్త చుక్కలు ఇచ్చినవాళ్లకీ పూల చుక్కలు ఇచ్చినవాళ్లకీ తేడా కనపడలేదు. ఇద్దరికీ కొంత తగ్గింది, అదీ సంగతి.
నేను అడిగేది ఇంకోటి. టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ రక్తపరీక్ష, చివరిసారి ఎప్పుడు చేయించారమ్మా? ఐరన్, కాల్షియం మాత్రలు కూడా వేసుకుంటున్నారా? థైరాయిడ్ మాత్రకీ వాటికీ నాలుగు గంటలు ఎడం లేకపోతే మాత్ర వంటబట్టదు. మా షాపుకొచ్చే ఆడవాళ్లలో చాలామంది మూడూ ఒకే గుక్కలో మింగేవాళ్లే.

గంటస్తంభం_గృహిణి:
బాబాయ్ గారూ, పట్టేశారు. కాల్షియం మాత్ర, అదీ ఇదీ కలిపే పొద్దున్నే వేసేసుకుంటున్నాను, మర్చిపోకుండా ఉంటుందని. పరీక్ష చేయించి చాలా రోజులైంది.

మాలధారి_స్వామి:
స్వాములకి శరణం. చిన్న సందేహం. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో మాత ఈ మధ్య రెస్క్యూ రెమెడీ అని తెచ్చింది, అందులో అయిదు పూలు కలిపి ఉంటాయట. వచ్చే వారం మాల వేసుకుంటున్నాను. బ్రాందీ అంటే మరి దీక్షలో?

నాగావళి_గట్టు:
స్వామీ, గ్లిజరిన్‌తో చేసినవి ఉంటాయి, ఆల్కహాల్ లేనివి. సీసా మీద రాసుంటుంది, చూసి కొనుక్కోండి. అయినా మండలం రోజులు మాలలో ఉంటే కోపం అదే దిగుతుందిలెండి.

కోటబొమ్మాళి_అప్ప:
నాను సదువుకున్నదాన్ని కాదు, మా గుంట టైపు సేస్తంది. మా ఆయన మందు మానీడానికి డాక్టరు మాత్ర ఇచ్చినారు, రోజూ ఏస్కుంటన్నాడు. మానీసిన కాడ్నుంచి మనిసి ఒకలాగ నేడు. ఒకపాలి నవ్వుతాడు, ఒకపాలి గిన్నెలు ఇసిరేస్తాడు. ఈ సుక్కలు ఏస్తే నెమ్మదిస్తాడేటి?

నెల్లిమర్ల_మందులషాపు:
వద్దమ్మా, వద్దు. అది డైసల్ఫిరామ్ మాత్రయితే ఒంట్లోకి కొంచెం ఆల్కహాల్ పోయినా మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. ఈ చుక్కల్లో ఉండేది తక్కువే కానీ ఆ మాత్ర మీద ఉన్న మనిషికి ఆ తక్కువ కూడా ఎందుకు? కొన్ని దగ్గు సిరప్పుల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, అడిగి కొనండి. మందు మానేసిన కొత్తలో చిరాకు మామూలే. గిన్నెలు విసిరేదాకా వచ్చిందంటే మాత్ర ఇచ్చిన డాక్టరుకే చెప్పాలి. ఆయనకి తెలీకుండా అన్నంలో, చారులో ఏదీ కలపకండి.

బొబ్బిలి_వీణ:
మస్టర్డ్ అంటే మన ఆవపూలే కదా? ఇంట్లో ఎండలో పెట్టి చేసుకుంటే సీసా డబ్బులు మిగులుతాయి కదా అని ఒక ఆలోచన.

నాగావళి_గట్టు:
మన ఆవాల మొక్క కాదది, దాని చుట్టం. ఇంగ్లండు పొలాల్లో కలుపులా పెరిగే అడవి ఆవ. ఇంకో తమాషా, ఆ 38లో ఒకటి పువ్వే కాదు, ఉత్త ఊటనీరు.
ఆవపూలు నీళ్లలో వేస్తే ఏమీ కాదనుకోండి. కానీ ఇది చదివి ఇంకెవరో పెరట్లో ఉన్న పూలన్నీ ఎండబెట్టకండి. పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఊళ్లో అందరిళ్ల ముందూ ఉంటాయి. పచ్చగన్నేరు గుండెని పట్టేస్తుంది. మన వైపు ఆ కాయలు మింగి పోయినవాళ్ల కబుర్లు మీరూ విన్నారు.

ఉద్దానం_కుర్రాడు:
నిన్నటి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది కవిటి దగ్గర పల్లె. మా అన్నకి బైపోలార్ అని, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు ఉండే జబ్బని, ఆరేళ్ల కిందట తేల్చారు. లిథియం మాత్ర మీద బాగానే ఉన్నాడు, కొబ్బరి తోట పని చేసుకునేవాడు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఏ వీధిలో చూసినా డయాలిసిస్‌కి వెళ్లొచ్చే మనిషి ఉంటాడు. లిథియం కిడ్నీలకి చేటు అని ఎవరో మా పెద్దమ్మ చెవిలో వేశారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్ర మాన్పించి, తెలిసినవాళ్ల దగ్గర ఈ పూల చుక్కలు తెప్పించారు. విషం కాదు, కిడ్నీకి భయం లేదు అన్నారు. ఆ మాట నిజమే.
మొదట్లో అందరూ మెచ్చుకున్నారు, మనిషి హుషారుగా ఉన్నాడని. తర్వాత నిద్ర పోవడం మానేశాడు. రాత్రి రెండింటికి తోటలో టార్చిలైటు పట్టుకుని చెట్లకి నంబర్లు వేసేవాడు, సున్నం డబ్బా చేత్తో పట్టుకుని. పగలు పలాస వెళ్లి, కనపడ్డ ప్రతి జీడిపప్పు వ్యాపారితో భాగస్వామ్యం మాట్లాడొచ్చేవాడు. వదిన గాజులు తీసుకెళ్లి బయానా ఇచ్చాడు. అడ్డుపడితే మా నాన్న మీద చెయ్యెత్తాడు, పుట్టి బుద్ధెరిగి అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఆఖరికి నలుగురం పట్టుకుని విశాఖ తీసుకెళ్లి చేర్పించాం.
అక్కడ డాక్టరు కోప్పడలేదు. మీ భయంలో అర్థం ఉంది అన్నారు. లిథియం వాడేవాళ్లకి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్, రక్తంలో లిథియం ఎంతుందో అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలట. ఎండలో పని చేసి చెమట పట్టి నీళ్లు తాగకపోతే, ఒళ్లు నొప్పులకని షాపులో పెయిన్‌కిల్లర్ కొని మింగితే లిథియం రక్తంలో పెరిగిపోతుందట. మా ఊళ్లో రెండూ రోజూ జరిగేవే. మా అన్నకి వేరే మందుకి మార్చారు. ఆ మార్చమనే మాట ముందే అడిగి ఉంటే సరిపోయేది, అడగొచ్చని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

గంటస్తంభం_గృహిణి:
చదివి చెమటలు పట్టాయి తమ్ముడూ. ఇప్పుడు అన్న ఎలా ఉన్నారు? మరి నాది కూడా అదే అయితే ఎలా తెలుస్తుంది?

ఉద్దానం_కుర్రాడు:
బాగున్నాడక్కా. గాజులు మాత్రం రాలేదు.

రాజాం_స్టాఫ్‌నర్స్:
గంటస్తంభం అక్కా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించలేదు. కానీ చూడకుండా చెప్పకూడదు. బైపోలార్‌లో ఊపు గంటల్లో మారదు. హుషారు దశ కనీసం నాలుగు రోజులు, తీవ్రమైతే వారం పైనే ఉంటుంది, దిగులు దశ రెండు వారాలు దాటుతుంది. నిద్ర లేకపోయినా అలసట తెలీదు, అదే పెద్ద గుర్తు. పొద్దున్న పాట, పదింటికి ఏడుపు అంటే వేరే దారులు వెతకాలి.
మీ వయసుకి నెలసరి అటూ ఇటూ అవుతూ ఉంటుంది, ఆగేముందు కొన్నేళ్లు హార్మోన్లు అలాగే ఆడిస్తాయి. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, సగం నిద్రలో మెలకువ ఉన్నాయా? రక్తం తక్కువైనా చిరాకే. ఇంకొందరికి నెలసరికి వారం ముందు మొదలై, వచ్చిన రెండు మూడు రోజుల్లో చేత్తో తీసేసినట్టు పోతుంది. అది తేలాలంటే రెండు నెలలు రోజూ రాయాలి. గోడ మీద క్యాలెండర్ చాలు. ఏడ్చిన రోజు ఒక చుక్క, అరిచిన రోజు అడ్డగీత, నెలసరి రోజులకి సున్నా. డాక్టరుకి నోటితో చెప్పేకంటే ఆ కాగితం చూపిస్తే త్వరగా తేలుతుంది.
చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వీటన్నిటికీ ఆగకండి. 14416 టెలి మానస్ నంబరు, మనసు బాధలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

నాగావళి_గట్టు:
ఒక్క మాట అడుగుతాను నర్సమ్మా, కోప్పడకు. మీ దగ్గరకి వస్తే ఓపీ చీటీకి గంట, లోపల రెండు నిమిషాలు. "నిద్ర రావట్లేదా, ఇది వేస్కో" అని రాసేస్తారు. నా వంక చూడకుండా మందు రాసిన డాక్టరుని నేను చూశాను. చుక్కలిచ్చే ఆవిడ దగ్గర బ్రాందీయే ఉండొచ్చు, కానీ ఆవిడ వింది. జనం ఎందుకు అటు పోతున్నారో మీకు తెలియాలి.

రాజాం_స్టాఫ్‌నర్స్:
కోపమెందుకమ్మా, నిజమే. మా ఓపీలో ఒక్కోరోజు నాకే అలా అనిపిస్తుంది. వినే మనిషి కావాలంటే ఆవిడ దగ్గరకి వెళ్లండి, చుక్కలూ వేసుకోండి. మాత్ర మానమంటే మాత్రం లేచి వచ్చేయండి.

సాలూరు_లారీ:
ఈ మాట మా ఇంట్లోదానికి చదివి వినిపించాను. గంట వినాలంట నేను. మొదలెట్టాను, ఇంకా మా పెళ్లిలో వాళ్ల బావకి వడ్డన సరిగా జరగలేదన్న దగ్గరే ఉన్నాం.

గంటస్తంభం_గృహిణి:
టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చింది. ఉండాల్సినదానికి బాగా ఎక్కువే ఉంది. డాక్టరు మాత్ర డోసు పెంచారు, కాల్షియం రాత్రికి మార్చమన్నారు. హిమోగ్లోబిన్ కూడా తక్కువే. క్యాలెండర్ మొదలెట్టాను, మా ఆయన చూసి ఏకాదశులు గుర్తు పెట్టుకుంటున్నాననుకున్నారు. స్క్లెరాంథస్ వేసుకుంటూనే ఉన్నాను, ఆడపడుచు ప్రేమగా తెచ్చింది కాబట్టి. వేసుకోడానికి రోజుకి నాలుగుసార్లు కూర్చోవడమైతే అవుతోంది. మస్టర్డ్ సీసా సీలు కూడా తీయలేదు, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

నెల్లిమర్ల_మందులషాపు:
ఇక్కడ మందులు చేతులు మారొద్దమ్మా, కొన్న షాపులోనే తిరిగి తీసుకుంటారేమో అడగండి. డోసు మారింది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి, ఈలోపు చేయిస్తే సరైన లెక్క రాదు. ఐరన్ మాత్ర కూడా రాసే ఉంటారు, అది మధ్యాహ్నం వేసుకోండి.

గంటస్తంభం_గృహిణి:
రాశారు. మధ్యాహ్నమే వేసుకుంటాను.