మోహమునా, మోహరమునా?

కృష్ణాతీరం: పాస్‌పోర్టు ఫారంలో ఇద్దరు రిఫరెన్సుల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు ఇవ్వాలి కదా. మన మీద కేసులేమైనా ఉన్నాయా అని చూసే పోలీస్ వెరిఫికేషన్‌లో వాళ్లకు ఫోన్ రావచ్చట. పక్కింటి మాస్టారి పేరు ఖాయం. రెండోది బాబాయిది రాద్దామంటే, ఆయన తెలియని నంబరు ఎత్తడు. అప్పటినుంచీ సుమతీ శతకంలోని ‘అక్కరకు రాని చుట్టము’ పద్యం నోట్లో తిరుగుతోంది. ‘మ్రొక్కిన వరమీని వేల్పు’ తర్వాత మోహమునా, మోహరమునా? మా నాన్న మొదటిదే అనేవారు.

కందగణం: మోహరమునే. ‘మోహర’ భగణం, ‘మునఁదా’ సగణం. ‘మోహమున’ అంటే చివరి గణానికి ‘నఁదా’ ఒక్కటే మిగులుతుంది, మూడు మాత్రలు. గణానికి నాలుగు మాత్రలుండాలి, కందం ఒప్పుకోదు.

పాతపుటలు: యతి మాత్రం రెంటికీ కుదురుతుందండోయ్, మ్రొ–మో. అందుకే చెవికి అనుమానం రాదు. అర్థమూ పొసగుతుంది: మోజుపడి ఎక్కాం, గుర్రం కదల్లేదు.

కందగణం: మోజుపడి ఎక్కిన గుర్రం కదలకపోతే దిగడానికి పద్యం దేనికండీ? మోహరం అంటే యుద్ధానికి తీర్చిన సేన. అక్కడ మొరాయిస్తేనే ‘గ్రక్కున విడువంగవలయు’లోని ‘గ్రక్కున’కు బలం. ‘సరిహద్దులో బలగాల మోహరింపు’ అని పేపర్లో చదువుతూనే ఉన్నాం.

థేమ్స్ గట్టు: ఇక్కడ బ్రిటన్ పాస్‌పోర్టుకు మనల్ని ధ్రువీకరించే మనిషి చుట్టం కాకూడదు, మన ఇంట్లో ఉండకూడదు, కనీసం 2 ఏళ్ల పరిచయం ఉండాలి. అక్కరకు వచ్చే చుట్టమైనా పనికిరాడు!

బండి ఱ: అసలు తిరకాసు ‘చుట్టము’లో ఉంది. చుట్టూ ఉండేవాడు చుట్టము. బంధుత్వం తర్వాత వచ్చి చేరింది. అలా చూస్తే పద్యం పక్కింటివాడి గురించే. ఫారానికి కావలసిందీ అతనే.

పాతపుటలు: కవిప్రయోగం చూపిస్తే ఒప్పుకుంటాను.

బండి ఱ: చుట్టరికం లేని ఊళ్లో కూడా మామా, బాబాయ్ అని వరసలు కలుపుతాం. అది ఎక్కడిదనుకున్నారు?

కందగణం: అది పలకరింపు మాస్టారూ, ప్రయోగం కాదు.

గోల్కొండ గల్లీ: పెద్దలు క్షమించాలి. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చిన కానిస్టేబుల్ ఇద్దరు పొరుగువాళ్ల ఆధార్ కాపీలు, సంతకాలు తీసుకున్నారు. రిఫరెన్సుకు ఫోన్ చేసి ‘ఎన్నేళ్లుగా తెలుసు, అక్కడే ఉంటున్నాడా’ అని అడిగారు, అంతే. కాబట్టి ఊరి అవతల ఉండే కొలీగ్ కన్నా కింది ఫ్లోర్ ఆంటీ నయం. రాసేముందు ఒక మాట చెప్పి ఉంచండి. ఎంత పెద్దమనిషి పేరు రాసినా మనమీద కేసుంటే అది మాఫీ కాదు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే 1967 పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) కింద పాస్‌పోర్టు నిరాకరించొచ్చు.

పాతపుటలు: కొలీగ్ సంగతి ఈ శతకంలోనే బద్దెన అప్పుడే తేల్చేశాడు. ‘కరణముఁ గరణము నమ్మిన మరణాంతక మౌను గాని మనలేడు సుమీ’! ఆఫీసు రాజకీయం ఇంత క్లుప్తంగా ఇంకెవరు చెప్పారు?

బండి ఱ: శతకం బద్దెనదేనని ఎప్పుడు తేలింది? బద్దెన రాజనీతి గ్రంథం నీతిశాస్త్ర ముక్తావళి పక్కన పెట్టుకుని చదవండి. ఆ పట్టుకీ ఈ తేటతనానికీ పొంతన నాకైతే కనబడదు.

పాతపుటలు: ఒకే మనిషి రాజుకొకలా, పిల్లలకొకలా రాయకూడదా?

గోల్కొండ గల్లీ: మరి రెండో పేరు?

బండి ఱ: ఉండండి బాబూ. ‘బారని గుర్రము’ అని మామూలు రతో అచ్చేసినవాళ్లను ముందు నిలదీయాలి. అది పాఱు, బండి ఱ. ‘ఎడతెగక పాఱు నేఱు’లో ఉన్న క్రియే. నీళ్లూ పాఱేవి, గుర్రమూ పాఱేది. ‘పారిపోయాడు’లో ఆ పరుగు ఇంకా మిగిలే ఉంది.

కృష్ణాతీరం: అయితే ఏరువాకలోని ఏరుకి కూడా బండి ఱ యేనా?

కందగణం: కాదు. అది నాగలి, మామూలు రే. నది అయితేనే ఏఱు.

బండి ఱ: దాని మీద నాకో అనుమానం ఉంది. రాత్రికి రాస్తాను.