‘క్వెంచ్’ అన్నచోట ‘చల్లార్చండి’ అని రాయవచ్చా?

ప్రశ్న: డిగ్రీ ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ మాన్యువల్ తెలుగులో తయారవుతోంది. గ్రిగ్నార్డ్ ప్రయోగం చివర ‘క్వెంచ్’ అనే దశ, అంటే మిగిలిన చురుకైన కారకాన్ని ఇక పనిచేయకుండా చేయడం, వస్తుంది. అక్కడ ‘సంతృప్త అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో చర్యను చల్లార్చండి’ అని రాశాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదు మాస్టారూ. చల్లార్చడమంటే మనకు వేడి తగ్గించడమే. ఫ్లాస్కును సున్నా డిగ్రీలకు దించినా ఫినైల్ మెగ్నీషియం బ్రోమైడ్ అనే గ్రిగ్నార్డ్ కారకం ఎక్కడికీ పోదు, గది వేడికి రాగానే మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఇక్కడ జరగాల్సింది కార్బన్–మెగ్నీషియం బంధం తెగి, ఆ కార్బన్‌కు ప్రోటాన్ అందడం. అప్పుడే మిగిలిన కారకం బెంజీన్‌గా మారి ఊరుకుంటుంది. పైగా ఆ పనిలో వేడి పుడుతుంది. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది కాబట్టి, ద్రావణాన్ని ఒక్కసారిగా గుమ్మరిస్తే కండెన్సర్ మీదుగా పొంగి బయటకొస్తుంది. వేడి పుట్టించే పనికి చల్లార్చడమని పేరు పెడితే, ఐస్ బాత్‌లో పెట్టగానే పని అయిపోయిందని విద్యార్థి అనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: అయితే ‘తటస్థీకరించండి’ అంటే?

జవాబు: అది ఆమ్ల క్షారాలకు స్థిరపడిపోయిన మాట. చదివినవాళ్ళు లిట్మస్ కాగితం వెతుక్కుంటారు. ‘ఆర్పండి’ అన్నది ఫ్లోరోసెన్స్ (కాంతి పడితే పదార్థం వెలగడం) క్వెంచ్ అయ్యే విషయంలో బాగానే ఉంటుంది, వెలుగు ఆరుతుంది కాబట్టి. ఈథర్ ఉన్నచోట మాత్రం ఆర్పడమంటే మంటే గుర్తొస్తుంది, వద్దు.

మరొకరు: ‘విరుగుడు’ ఉండగా వెతుకులాట ఎందుకండీ? విషానికి విరుగుడు, మందుకు విరుగుడు అని అందరూ అనేదే. పదార్థం అక్కడే ఉంటుంది, దాని తీవ్రత మాత్రం పోతుంది. ‘ఫ్లాస్కును ఐస్ బాత్‌లో ఉంచి, కలియబెడుతూ, అమ్మోనియం క్లోరైడ్ విరుగుడును చుక్క చుక్కగా వేయండి. మరగడం తగ్గాకే వేగం పెంచండి’ అని రాస్తే చేతికి పని తెలుస్తుంది. ఏ విరుగుడో ఎందుకో కూడా ఒక ముక్క చేర్చండి. ఉత్త నీళ్ళు పోస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ జిగురులా దిగి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో పొరలు విడిపోవు. గాఢ ఆమ్లం పోస్తే 1-ఫినైల్‌సైక్లోహెక్సనాల్ లాంటి తృతీయ ఆల్కహాల్ నీటిని కోల్పోయి ఆల్కీన్ అయిపోతుంది. అమ్మోనియం క్లోరైడ్ మెగ్నీషియాన్ని కరిగిన స్థితిలో ఉంచుతుంది, ఆల్కహాల్ జోలికి పోదు. 100 మి.లీ. నీటికి 37 గ్రాములు కరిగిస్తే 20 డిగ్రీల దగ్గర సంతృప్తమవుతుంది. అడుగున మెగ్నీషియం తురుము మిగిలి ఉంటే దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి పైతేటను ముందే వేరే ఫ్లాస్కులోకి వంచుకోవడం మేలు.

ప్రశ్న: డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మీద గ్రిగ్నార్డ్ కారకాన్ని పోసి బెంజోయిక్ ఆమ్లం చేసే ప్రయోగంలోనూ కొన్ని పుస్తకాలు ‘క్వెంచ్’ అనే రాస్తున్నాయి. అక్కడా విరుగుడేనా?

జవాబు: కాదండీ. అక్కడ కార్బన్ డయాక్సైడ్ మనకు కావలసిన రెండో ముడిసరుకు, కారకం దానితో కలిసి మెగ్నీషియం కార్బాక్సిలేట్ అవుతుంది. ‘డ్రై ఐస్‌తో చర్య జరపండి’ అంటే చాలు. ఆ తర్వాత పోసే ఆమ్లం కార్బాక్సిలేట్‌ను బెంజోయిక్ ఆమ్లంగా మార్చడానికి. భారజలం (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు) వేసి, కారకం ఎంత తయారైందో చూడటానికి కార్బన్ మీద డ్యుటీరియం ఎక్కించే సందర్భంలో మాత్రం విరుగుడు బాగా నప్పుతుంది.

మరొకరు: లిథియం అల్యూమినియం హైడ్రైడ్ (బలమైన క్షయకరణి) అధ్యాయానికీ ఇదే మాట వాడండి. అక్కడ విరుగుడుకు వరుస కూడా ఉంది. మొదట్లో తీసుకున్న హైడ్రైడ్ ఒక గ్రాము అయితే ముందు 1 మి.లీ. నీళ్ళు, తర్వాత 15 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 1 మి.లీ., చివర 3 మి.లీ. నీళ్ళు. మొదటి మి.లీ. దగ్గరే జాగ్రత్త అంతా. గ్రాము మొత్తం మిగిలి ఉంటే రెండున్నర లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ఐస్ బాత్, నైట్రోజన్, గ్యాసు పోయే దారి మూడూ ఉండాలి. కొలత పాటిస్తే అల్యూమినియం లవణాలు తెల్లటి పలుకులుగా దిగి సులువుగా వడపోతకొస్తాయి. నీళ్ళు ఎక్కువైతే ముద్దగా మారి ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తాయి. హైడ్రైడ్ బాగా మిగిలిందనిపిస్తే ముందు ఇథైల్ ఎసిటేట్ వేయమనండి. అది హైడ్రోజన్ రానివ్వకుండా హైడ్రైడ్‌ను ఖర్చు చేస్తుంది.

ప్రశ్న: ‘విరుగుడు వేయండి’ అనే మారుస్తున్నాం. క్రియగా ఒక్క మాట కావాలంటే ‘విరిచేయండి’ అనవచ్చా?

జవాబు: వద్దండీ, విరవడమంటే గాజు రాడ్ విరిచినట్టు వినిపిస్తుంది. రెండు మాటలుగానే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట పక్కనే ‘క్వెంచింగ్’ అని తెలుగు లిపిలో ఇవ్వండి, పరీక్షలోనూ ఫ్యాక్టరీలోనూ పిల్లలకు వినబడేది ఆ మాటే కాబట్టి.